కడప బండల మీద విమానం పగులు

"కలిపినావామ్మే?" అన్నాడు మా ఆయన.

"లేదులేయ్యా, ఒక కాడ వదిలినా," అంటి.

మా ఇద్దరికీ అవే ఆఖరి మాటలు. వాకిట్లో ముగ్గేసి, చేతులు కడుక్కోని లోపలికి వచ్చి ఆ మాట చెప్పినా. ఆయన గోడ తట్టు తిరిగి పండుకున్నాడు. మళ్ల ఈ తట్టు తిరగలేదు. పోయే మనిషి దేవుని పేరు తలచకుండా ముగ్గు సంగతి అడిగినాడా అని చూసేకి వచ్చినోళ్లు మూతి మీద చెయ్యి పెట్టుకున్నారు. వాళ్లకేం తెలుసు. మా ఇంట్లో అది శానా పాత మాట.

రాస్తాండావా పాపా? నువ్వు మా తమ్ముని మనవరాలివి, కంప్యూటరు చదువు చదువుతాండావు. "అవ్వా, నువ్వు పనిచేసిన కత చెప్పు, మా ఈడోళ్లంతా చదువుతారు" అని ఎంటబడితివి. నాకు అంకెలు వచ్చు, అచ్చరాలు రావు. సంతకం ఒకటి నేర్చుకున్యా, అది కూడా కాలు విరిగిన కోడి మాదిరి ఉంటాది. కాబట్టి నేను చెప్తా, నువ్వు రాయి. సోకులు మాత్రం పెట్టొద్దు.

కర్నూలు రాజధాని అయిన కాలం అది. ఊరి బయట యాడ చూసినా గుడారాలే. ఆఫీసర్లు గుడారాల్లో, కాగితాలు గుడారాల్లో. గాలి లేచిందంటే కాగితాలు ఒక తట్టు, ఆఫీసర్లు ఒక తట్టు. ఊరికి దూరంగా ఒక బయలు చదును చేసి విమానం దిగేకి దారి ఏసినారు. పక్కన పెద్ద రేకుల షెడ్డు. ఆ షెడ్డులో ఒక విమానం. యుద్ధంలో వాడి వదిలేసిన పాతది. ఎవురో కంట్రాక్టరు కొనుక్కోని, కాలవలు తవ్వేకి భూమి ఎట్లుండాదో పైనుంచి ఫోటోలు తీసిచ్చే పని పట్టినాడు.

నా పని రాళ్లు ఏరేది. నవ్వొద్దు. విమానం పరుగెత్తే దారిలో గులకరాయి ఉంటే చక్రం కింద నుంచి ఎగిరి రేకుకు తగుల్తాది. అందుకని మా ఆడోళ్ల గుంపు గంపలు పట్టుకోని ఆ కొస నుంచి ఈ కొస దాకా ఏరాల. ఏరినాక కొసన నిలబడి తెల్లగుడ్డ ఊపాల. మా గుడ్డ ఊగితేనే విమానం కదిలేది. అది అక్కడి కట్టుబాటు, ఎవురూ దాటేవాళ్లు కాదు.

మా ఆయన రేకు పెట్టెలు చేసేటోడు. ఒంటిమిట్ట తిరునాళ్లకు పెట్టెలు, దీపం బుడ్లు చేసి అమ్మేది వాళ్ల ఇంటి పని. చెయ్యి మంచిదని తెలిసి విమానం కాడ పెట్టుకున్నారు. "తగరం రేకు మాదిరి కాదమ్మే ఇది, పట్టు పంచ మాదిరి చేతికి వస్తాది" అని మురిసిపోయేవాడు. ఫోటో పెట్టె దించేకి విమానం కడుపులో నాలుగు మూలల బొక్క కోసింది ఆయనే. పెట్టె మూత కోసినట్ల మూలలు సూటిగా కోసినాడు, అట్లనే కొయ్యమన్నారు. పైకి పోయినప్పుడు ఆ బొక్క పక్కనే కూసోని, మూత తీసేది మూసేది కూడా ఆయనే. అంటే విమానం ఎక్కేవాడు! మా బంధువుల్లో ఆయన నడక మారిపాయ. "కర్నూలు, కడపల్లో మబ్బుల మీద కూసున్న రేకులోడు ఇంకెవుడన్నా ఉంటే చూపించు" అనేవాడు. నాకు అప్పుడు మొదటి కాన్పు, కడుపు బాగా కనబడే నెలలు.

ఒకనాడు ఆయనే చూసినాడు. బొక్క మూల కాడ వెంట్రుకంత పగులు. ఇంజనీరు సారును పిలిచి చూపించినాడు.

సారు మద్రాసు పక్క మనిషి. బక్కగా, చిన్న వయసు. తెలుగు మాట్లాడితే వాక్యం మధ్యలో దారి తప్పేవాడు గాని లెక్కలో తప్పేవాడు కాదు. ఆ పగులు చూసి మొగం నల్లగా చేసుకున్నాడు. కంట్రాక్టరు పెట్టిన మేనేజరు మాత్రం, "ఏమప్పా, ఇంత గీతకే విమానం ఆపితే రేపు కాకి రెట్టేసినా ఆపుతావు" అన్నాడు. రేకు మార్చాలంటే మద్రాసుకు పోవాల. వానలు రాకముందే ఫోటోలు కావాల.

సారు మాకు ఎట్ల చెప్పినాడంటే: "కొత్త గుడ్డ చింపేకి మొదట పంటితో గాటు పెడతారు గదమ్మా. ఆ గాటు కొసకు బలమంతా చేరి, తర్వాత సర్రున పోతాది. రేకు కూడా అంతే. ఈ పగులు నిదానంగా పాకేదైతే అతుకేసి పని ముగించొచ్చు. సర్రున పోయేదైతే విమానం నేల వదలకూడదు. ఏది అని తెలియాలంటే లెక్క కట్టాల." లెక్క కట్టే మిషను ఒకటి ఆయన కాడ ఉండాది, చేత్తో తిప్పేది. మా కర్నూలు దుమ్ము దాని పళ్లల్లో దూరి, తిప్పితే జొన్నలు విసిరినట్ల సద్దు చేసేది గాని అంకె చూపేది కాదు.

ఆ శుక్రవారం మేము విమానానికి పసుపు కుంకుమ పెట్టి, ముందర చుక్కల ముగ్గేసినాము. సారు టోపీ తీసి చేతిలో పట్టుకోని ఆ ముగ్గును చూస్తా నిలబడినాడు.

"ఈ చుక్కలు ఎన్ని వరసలైనా పెట్టగలరా?"

మా గుంపులో పెద్దామె ఉండె. అందరం పెద్దమ్మా అనేవాళ్లం. ఆమె అనింది, "నీకు ఎంత నేల ఉంటే అంత, నాయనా. మా నడుములు నీ లెక్కలోకి రావులే."

ఆ షెడ్డు నేల అంతా కడప బండలు. నల్లగా, నున్నగా, చదరంగా కోసిన బండలు. సారు ఒక్కొక్క బండను ఒక్కొక్క చుక్క అనుకోమన్నాడు. ఆ నేలే విమానం రేకు. పక్కపక్క బండలకు మధ్య ముగ్గుపిండితో గీత. పై వరస బండలన్నిటికీ నూరు అంకె, కింది వరసకు సున్న. ఆ రెండు వరసలు ఎవురూ ముట్టకూడదు. మధ్యలో ప్రతి బండ మీద బలపంతో ఒక అంకె. పని ఏమంటే, నీ బండకు నాలుగు పక్కల ఉండే అంకెలు కూడి, అందులో పావు నీ బండ మీద రాసుకో. పక్కామె అంకె మారిందంటే నీదీ మారతాది, నీది మారితే ఆమెది మారతాది. అన్నీ మారకుండా నిలబడేదాకా చుట్టూ తిరగాల. పావు, అర, ముప్పావు మాకు పాలతో పట్టిన విద్య. సంతలో కూరాకు అమ్మిన ఏ ఆడదైనా చేస్తాది.

మరి పగులు? పగులంటే గీత లేని చోటు. గీత ఉంటేనే పక్క బండను అడగాల. గీత తెగిన కాడ అడగకూడదు, ఉన్న మూడింటిని కూడి మూడో వంతుతోనే సర్దుకోవాల. బండకు బండకు అంకెలో ఎంత తేడా ఉంటే ఆడ అంత లాగుడు. సారు ఒక్కొక్క గీత తుడిచేవాడు, పగులు ఒక బెత్తెడు పెరిగినట్ల. మళ్ల మేమంతా మొదలు. పగులు కొసన లాగుడు ఎట్ల పెరుగుతాదో చూసుకుంటా పోతే, నిదానమా సర్రునా అనేది తెలుస్తాది.

"పరదేశంలో ఈ పనికి ఇల్లంత మిషను ఉండాది. అది కర్నూలు వచ్చేదాకా మీరే మిషను," అన్నాడు సారు.

"మిషనుకు మధ్యాన్నం సంగటి పెడతారా?" అని అడిగింది బూబు. ఆమె సాయిబులామె, మా అందరికీ నవ్వులు పంచేది. సారు నిజంగానే పెట్టించినాడు.

పగులు పొడుగునా, పైనా కిందా ఉండే బండలు పెద్దమ్మవి. పగులు కొసన ఉండే బండలు నావి. పగులుకు పైనుండే అంకె ఒకటి, కిందుండే అంకె ఒకటి, ఒకే ఇంట్లో ఉండే సవతుల మాదిరి మొగం చూసుకోకుండా ఉండేవి. వాళ్ల కొట్లాటంతా నా బండల మీద పడేది. సారు గీత తుడిచినప్పుడంతా నా కాడ తేడా ఎక్కువయ్యేది. పెద్దమ్మ మాత్రం గీత తుడిచినప్పుడంతా కండ్లు మూసుకోని ఏదో గొణిగేది.

తర్వాత ఒకనాడు నా తేడా తగ్గింది. ఇంకో గీత తుడిచినా తగ్గింది. సవతులు అక్కచెల్లెండ్లయినారు. మేనేజరు వచ్చి చూసి తొడ కొట్టినాడు. "చూసినావా! తగ్గుతాంది! రేపు మధ్యాన్నం విమానం ఎగరాల."

సారు సంతోషపడలేదు. పొద్దున్నే వచ్చి అంకెలు చూసి, "పగులు పెరిగితే లాగుడు తగ్గేది ప్రపంచంలో యాడా లేదు. ఎక్కడో పొరపాటు ఉండాది" అన్నాడు. ఒక మూల నుంచి ఒక్కొక్క బండ సరిచూస్తా వచ్చినాడు. సగం కూడా కాకముందే మేనేజరు జీపు పంపినాడు, ఆఫీసు గుడారంలో ఏదో సంతకం చెయ్యాల రమ్మని. పోతా పోతా నా తట్టు చూసి అన్నాడు, "అమ్మా, మళ్ల చూడండి. నేను వచ్చేలోపల చూడండి."

నా మొగుడు మధ్యాన్నం ఆ బొక్క పక్కన కూసోని పైకి పోతాడు. నేను చూడకపోతే ఎవురు చూస్తారు?

నా బండలు చూసుకున్యా, సరిగానే ఉండాయి. బూబువి చూసినా, సరిగానే ఉండాయి. తలెత్తినా. పెద్దమ్మ చెంబులో వేలు ముంచి బండ మీద గీస్తాండాది. ఆ రేకుల కింద వేడికి తడి అట్ల గీస్తే ఇట్ల ఆరిపోతాంది. గీసిన చోటు యాడంటే, సారు తుడిచిన చోటు.

"పెద్దమ్మా, ఆ నీళ్లేంటికి?"

"రాయి కాల్తాందే."

"రాయి కాలితే చల్లుతారు గాని గీస్తారా?"

నేను పోయి ఆమె ముందర కూసున్యా. కడుపుతో కూసునేకి కూడా కష్టమే. నా పొట్ట తట్టు చూసి ఆమె కండ్లల్లో నీళ్లు పెట్టుకునింది.

"తెగిన ముగ్గు ముందర వట్టి మనిషే కూసోకూడదు. నువ్వు కడుపుతో ఉండేదానివి. నీ మొగుడు పైన తిరిగేటోడు. దినామూ నీ ముందర అట్ల తెగ్గోసి పెడతాంటే నేనెట్ల చూసేది? పిండితో కలిపితే సారు తిడతాడని నీళ్లతో కలుపుతాండా. ఒకసారి కలిపినాక ఆ పక్క బండను అడగకుండా ఉండేది అన్యాయం గదా, అందుకని అడిగి లెక్కలో చేర్చినా."

నాకు నవ్వాల్నో ఏడవాల్నో తెలియలేదు. నా మీద ప్రేమతో నా మొగుని పాడె కడతాండాది.

"పెద్దమ్మా, పగులు విమానం రేకులో ఉండాది. నువ్వు ఈడ కలిపితే ఆడ కలుస్తాదా?"

ఆమె నా మొగం చూసి, నిజంగా తెలియకనే అడిగింది, "కలవదా?"

ఇంక ఆమెను ఆ బండల కాడ కూసోమంటే కూసోదు. తెగిన ముగ్గును ముట్టనంటాది. మిగిలినోళ్లు వెనక్కి జరిగినారు. బూబు కొంగు దోపుకునింది. "మాకు ముగ్గుల్లేవు తల్లీ, ముగ్గు దోషమూ లేదు. పగులుకు పై పక్క బండలు నాకు ఇడువు."

"కింది పక్క బండలు నావి," అన్న్యా.

"నువ్వొద్దే!" అని పెద్దమ్మ చెయ్యి పట్టుకునింది. ఇడిపించుకున్యా. తెగిన గీతకు ఆ పక్క బూబు, ఈ పక్క నేను. నా కొస బండలు ఇంకొకామె తీసుకునింది. తుడిచి మళ్ల రాసినాము. ఇద్దరం ఎదురెదురుగా ఉండి ఒకరి అంకె ఒకరు అడగకుండా కట్టినాము. నడుము పట్టుకపోయింది, పిల్లోడు లోపల తంతాండాడు. అంకెలు లేచినాయి. సవతులు మళ్ల మొగాలు తిప్పుకున్నారు. కొసన తేడా లేస్తాంది, లేస్తాంది, ఇంకా నిలబడలేదు.

అప్పుడు బయట ఇంజను మొదలాయ. మేనేజరు షెడ్డు తలుపు కాడికి వచ్చి అరిచినాడు.

"ఏమ్మా, దారి ఏరలేదేంటికి? గుడ్డ ఊపేది ఎవురు?"

"లెక్క నిలబడలేదు సామీ."

"మీ ముగ్గులు నిలబడేదాకా విమానం నిలబడాల్నా? ముందు పోయి రాళ్లు ఏరండి!"

"నిలబడేదాకా ఏరము," అన్న్యా. నా గొంతు ఎప్పుడూ బొంగురే, ఆ పొద్దు ఇంజను సద్దు మీద కూడా వినపడింది. "ఏరకుండా గుడ్డ ఊపము. కూలి ఆపుకో."

నా ఎనకాల ఆడోళ్లు ఒక్కరూ లేయలేదు. పెద్దమ్మ పోయి ఆ తెల్లగుడ్డ తెచ్చుకోని, మడిచి తన కింద వేసుకోని కూసునింది. ఆ పని ఆమెకు బాగా చేతనాయ.

విమానం కడుపు బొక్కలో నుంచి మా ఆయన తల బయటికి పెట్టినాడు. "ఏమ్మే! పరువు తీస్తాండావు! గుడ్డ ఊపించు!"

"దిగి వచ్చి నువ్వే ఊపుకోపో!"

దిగి వస్తే మళ్ల ఎక్కనిస్తారో లేదో అని ఆయన దిగలేదు. తల లోపలికి తీసుకున్నాడు, తాబేలు మాదిరి.

విమానం నడిపే దొర ఊరికే పోయే రకం కాదు. యుద్ధం చూసిన మనిషి. గుడ్డ ఊగకపోతే చక్రం కదిలించడు. జీపులో సారు వచ్చేటప్పటికి మా అంకెలు నిలబడినాయి. సారు వంగి కొస బండలు చూసినాడు, లేచినాడు, దొర కాడికి పరుగెత్తినాడు. వాళ్లు ఇంగ్లీషులో ఏమనుకున్నారో నాకు తెలియదు. మేనేజరు నవ్వుతా మా తట్టు చెయ్యి చూపించినాడు. దొర నవ్వలేదు. గాల్లోకి లేచేముందు నేల మీదనే నిలబెట్టి ఇంజను పూర్తిగా తిప్పి చూస్తానని చెప్పినాడంట. ఇది సారు తర్వాత చెప్పింది.

చక్రాలకు దిమ్మెలు పెట్టినారు. ఇంజను గొంతు లేచింది. షెడ్డు రేకులన్నీ దడదడమంటాండాయి. మా బండల మీద ముగ్గుపిండి పొగ మాదిరి లేచిపాయ. కొంచేపటికి లోపల నుంచి తగరం డబ్బా మీద రాయి కొట్టినట్ల టప్పుమని ఒక సద్దు. వెనకాలే మా ఆయన కేక. ఇంజను ఆపేసినారు.

బొక్క మూల నుంచి పగులు రివెట్ల వరస దాకా పోయింది. జానెడు పైనే. వేలు దూరేంత నోరు తెరుచుకోని ఉండాది. ఆయన ఆ రేకు మీద అరచెయ్యి ఆనించుకోని కూసునింటే, చేతి కిందనే పాముపిల్ల మాదిరి పరుగెత్తిందంట.

దిగి వచ్చి నా పక్కన నేల మీద కూసున్నాడు. "సూటి మూల కొయ్యకూడదమ్మే" అన్నాడు. అంతే. బతికినంతకాలం ఆయన చేసిన ఏ పెట్టెకూ మళ్ల సూటి మూల లేదు. అన్నీ గుండ్రంగా తిప్పేవాడు. కమలాపురం, బద్వేలు పక్క పాత ఇండ్లల్లో గుండ్రటి మూలల రేకు పెట్టె కనబడితే అది మాదే అనుకోండి.

పెద్దమ్మ విమానం కింద దూరి ఆ పగులును చూసింది. చెంబులో వేలు ముంచి దాని పొడుగునా గీసింది. తడి ఆరిపోయేదాకా చూసి, "కలవదులే" అనింది.

విమానం మద్రాసుకు లారీలో పోయింది, రెక్కలు ఊడదీసుకోని. మేనేజరు మా గుంపును మాన్పించినాడు. మిషను లేదు, సంగటి లేదు. సారు పోయేటప్పుడు మా అందరికీ దండం పెట్టినాడు. నాకు ప్రత్యేకంగా ఏం చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఆయన మళ్ల విమానం ఎక్కలేదు. నా మీద కోపం వచ్చినప్పుడంతా "మబ్బుల్లో ఉండేవాణ్ణి దించితివి" అనేవాడు. "మబ్బుల్లోనే ఉండిపోయేటోడివి" అనేదాన్ని. తెగిన ముగ్గు ముందర కూసోని కన్న పిల్లోడు ఏమన్నా అయినాడా? వానికి ఇప్పుడు మనవళ్లు, ఇంకా నా మీద అరుస్తానే ఉంటాడు.

అప్పటి నుంచి నేను ముగ్గేస్తే ఒక కాడ కలపను. ఇరుగుపొరుగు తిట్టినారు, అత్త తిట్టింది, నేను మారలేదు. దినామూ పొద్దున ఆయన మంచం మీద నుంచి అడిగేది ఆ ఒక్క మాటే. నేను చెప్పేది ఆ ఒక్క మాటే.

మీ కాలం పిల్లోళ్లకు చెప్పేది ఏముండాది. మీ మిషన్లు ఇప్పుడు అరచేతిలోకి వచ్చినాయి, పావులెక్క కంటిరెప్ప కొట్టేలోపల చేస్తాయంటావు. మంచిదే. కాని అంకె మరీ చల్లగా, తియ్యగా వచ్చిందంటే ఒకసారి తలెత్తి చూడండి. లోపల ఎవురో ఒక పెద్దమ్మ ప్రేమకొద్దీ నీళ్లతో కలుపుతా ఉంటాది. ఆమెను తిట్టొద్దు. పక్కకు కూసోబెట్టి, ఆ తెగిన కాడ మీరు కూసోండి.

ఇప్పుడు మా వాకిట్లో ముగ్గు కోడలు వేస్తాది. చక్కగా వేస్తాది, అన్నీ కలుపుతాది. నేనేం అనను. ఆమె లోపలికి పోయినాక కాలి బొటనవేలితో ఒక కాడ తుడిచి వస్తా.

రాసేది అయిందా పాపా? ఏదీ, మొదటి నుంచి చదువు, వింటా. నేను తడబడిన కాడ, మరిచిపోయిన కాడ, ముసిల్ది గదా అని నువ్వు గాని కలిపినావేమో చూడాల.